అత్తగారి నోరు మూయించే మందు

మాత్రల రేకు చింపగానే గదంతా ఆ వాసన. మక్కిన నూనెలో సారా కలిపినట్టు ఉంటుంది. మనవరాలు సిరి ముక్కు మూసుకుని ఆ గొట్టం మాత్ర మింగుతుంది. నేను మాత్రం ఒకచోట కూర్చోలేక గుమ్మంలోకీ వంటింట్లోకీ తిరుగుతాను. మింగిందా, కక్కేస్తుందా? ఈ వాసన నాకు కొత్త కాదు. మలికిపురంలో మా పక్కింటి సువార్త టీచరుగారింట్లో పొద్దునా సాయంత్రం ఇదే వాసన.

టీచరుగారి కిడ్నీలు రెండూ పాడైతే తమ్ముడు తనదొకటి ఇచ్చాడు. ఊరికే మందులు మింగేవాళ్ళంటే నాకు చిరాకు. కిడ్నీ కుదురుకుంది కదా, ఇంకా ఈ మాత్రలెందుకని ఒకసారి అడిగేశాను. మూడో తరగతితో బడి మానేసిన నాకు, ఆవిడ చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు.

“ఒళ్ళు అత్తగారిలాంటిదండి, వదినగారూ. మా తమ్ముడి కిడ్నీ పరాయింటి నుంచొచ్చిన కోడలు. ఎన్నేళ్ళు కాపురం చేసినా తరిమెయ్యాలనే చూస్తాదండి. ఈ మాత్ర అత్తగారి నోరు మూయిస్తాది.”

“నాలాంటి అత్తగారా?”

“అబ్బే, మీకైతే ఈ డోసు చాలదండి!” అని నవ్వి, నవ్వు ఆగాక అన్నారు: “పూర్తిగా మూయించినా ప్రమాదమేనండి. దొంగొస్తే అరవాల్సింది కూడా ఆవిడే కదా.”

మా వైపు ఒంట్లో బాగోలేని మనిషి ఇంటికి వట్టి చేతులతో వెళ్ళం. ఆ ఏడు పెరట్లో పంపర పనస బాగా కాసింది. తొనలు ఒలిచి గిన్నెడు పట్టుకెళ్ళాను. ఆవిడ ముట్టుకోలేదు. ఆ పండు తింటే మందు ఒంట్లో ఎక్కువైపోయి కిడ్నీకే చేటు చేస్తుందట.

“పురుగుమందు కొట్టని చెట్టండి. ఒక్క తొనకి ఏమవుద్ది?”

“ఆయ్, మంచి చెట్టేనండి. మీరు తినండి, నేను చూసి ఆనందిస్తాను.”

ఒళ్ళు మండి గిన్నె తెచ్చేసుకున్నాను. మర్నాడు ఆవిడే మా అరుగు మీదికొచ్చి, ఏమీ జరగనట్టు కాఫీ అడిగారు. మొహమాటపడకుండా కాదనడం, కాదన్నాక స్నేహం చెడకుండా చూసుకోవడం ఆవిడ దగ్గరే చూశాను.

ఒక వానాకాలం ఆవిడకి కాస్త జ్వరం తగిలింది. మిరియాల కషాయం కాచి ఇస్తానన్నాను. ఆవిడ అప్పటికే ఆటో ఎక్కుతున్నారు.

“ఈ మాత్రానికే అమలాపురం ఆస్పత్రి దాకానా?”

“మీ జ్వరం అరుస్తాదండి. నాది గొణుగుతాది. గొణిగినప్పుడే వినాలి.”

ఆ సారి మూడోనాటికి నవ్వుతూ వచ్చేశారు. ఇంకొక వానాకాలం అలాగే ఆటో ఎక్కి వెళ్ళినావిడ, ఊపిరితిత్తులకి జబ్బు పట్టి తిరిగి రాలేదు. అంత జాగ్రత్తపడ్డ మనిషి! ఆ సంగతే నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు.

సిరికి కిడ్నీ మార్చలేదు. ఒళ్ళు తన సొంత కిడ్నీల మీదే కలబడి, తిన్న సారమంతా మూత్రంలో పోయి, మొహం పూరీలా వాచిపోయేది. మామూలు మందులకి లొంగలేదు. డాక్టరుగారు సైక్లోస్పోరిన్ రాశారు. టీచరుగారు వాడిన మందే. వాపు తగ్గి, పిల్ల బడికి వెళుతోంది. అందరికీ నిమ్మళం, నాకు తప్ప.

ఈ పొద్దున దాని నుదురు చేతికి నులివెచ్చగా తగిలింది. “ఎండలో గెంతిందండి అత్తయ్యగారూ, సాయంత్రం దాకా చూద్దామండి,” అంది కోడలు. పిల్లని ఆటోలో కూర్చోబెట్టాను. దారి పొడుగునా సిరి విసుక్కుంటూనే ఉంది.

“నాకేం లేదు మామ్మా!”

“ఏమీ లేదన్న మాట నువ్వు కాదే, డాక్టరుగారు చెప్పాలి,” అన్నాను, దాని మణికట్టు వదలకుండా.