మూత్రపిండాల ప్రాక్టికలూ, తాళం వేసిన బాత్రూమూ

ఆ రోజుల్లో నా కోపం ముక్కు మీదే కాదు, ఒళ్లంతా ఉండేది. తిరుపతిలో నర్సింగ్ మొదటి సంవత్సరం చదివేటప్పుడు దానికి తగిన కారణం కూడా దొరికింది. మూత్రపిండాలు రక్తపోటును ఎలా అదుపు చేస్తాయో చూపించాలని మా లెక్చరర్ (చాటుగా మేం బీపీ సారు అనేవాళ్లం) నాచేత చెంబెడు మంచినీళ్లూ, పక్కనున్న సూళ్లూరుపేట పిల్లచేత చెంబెడు ఉప్పునీళ్లూ తాగించారు. "ఉప్పుంటే ఒంట్లో నీళ్లు నిలుస్తాయమ్మా. దాంతో రక్తం పరిమాణం పెరిగి ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు కిడ్నీలు ఆ ఉప్పునూ నీళ్లనూ నిదానంగా బయటికి పంపి ఒత్తిడి దించుతాయి. ఉత్త మంచినీళ్లయితే తొందరగా పంపేస్తాయి" అన్నారు.

ఎంత తొందరగానో ఆయనకేం తెలుసు? సూళ్లూరుపేట పిల్ల నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునుంటే, నేను మూత్రం కొలిచే సీసా పట్టుకుని బాత్రూమ్‌కు పరుగెత్తాను. తలుపుకు తాళం!

"బీగం తియ్యక్కా!" అని అక్కడ ఊడుస్తున్న ఆయమ్మను బతిమాలాను.

"నేన్యాడ తీసేది మే? రేపు ఇన్‌స్పెక్షనంట. కడిగినంక ఎవురూ పోగూడదని ప్రిన్సిపాలమ్మ బీగాలు ఎత్తుకోని పోయింది."

ఎవరో వచ్చి చూసిపోవడానికి బాత్రూమ్, బిగబట్టుకోవడానికి మేమూనా! ఒళ్లు మండిపోయింది. తిరిగొచ్చేసరికి బీపీ సారు నా చేతికి బీపీ చూసే పట్టీ చుట్టి ముఖం చిట్లించారు. "ఉప్పునీళ్లు తాగిన పిల్లకు సరిగానే ఉండాది. నీకెందుకమ్మా పెరిగింది?"

"కోపం సార్! పొయ్యేదానికి చోటు లేకుండా నీళ్లెందుకు తాపించినారు? పాఠానికి మా కిడ్నీలే దొరికినాయా?" అని అరిచి, అదే ఊపులో ప్రిన్సిపాల్ గదిలోకి దూసుకెళ్లి సీసా బల్ల మీద పెట్టాను.

"మేడమ్, బీగాలిస్తారా, ఈడనే నింపమంటారా?"

ఆమె తాళాలగుత్తి నా వైపు తోసింది. వెనక్కి తిరిగితే క్లాసులోని ఆడపిల్లలంతా నా వెనకే నిలబడి ఉన్నారు. మర్నాడు చిత్తూరు నుంచి మా నాయనను పిలిపించారు. ఆయన అంతా విని, "నీళ్లు తాపించింది మీరే గదమ్మా?" అన్నాడు. ఇక ఆ తలుపుకు తాళం పడలేదు.

ఇప్పుడు వార్డులో దాహమేసినా, బాత్రూమ్ దూరమని గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా డ్యూటీ ముగిస్తున్నాను. ఎవర్నీ పల్లెత్తు మాట అనను. ఇంత నెమ్మదిదాన్ని ఎప్పుడయ్యానా అని తలచుకుంటే నాకే నవ్వొస్తుంది.