పసుపు దారం కట్టిన ఆకులు

లింగంపల్లి స్టేషన్ నుంచి సైకిల్ మీద అరగంట దూరంలో, ఇప్పుడు అద్దాల మేడలున్న చోట, డెబ్బైల మొదట్లో మా పరిశోధన పొలం ఉండేది. కోస్తా నుంచి డిగ్రీ చేతపట్టుకుని వచ్చిన నాకు అక్కడ ఒకటే పని. జొన్న ఆకు ఏ వయసులో ఎంత ఆహారం తయారుచేస్తుందో తేల్చాలి.

మా దగ్గర పెద్ద యంత్రాలేవీ లేవు. పొద్దున్నే ఆకు ఈనెకు ఒక పక్క చిన్న చిన్న బిళ్లలు కోసేవాణ్ణి. సాయంత్రం రెండో పక్క అన్నే బిళ్లలు కోసి, రెండిటినీ ఎండబెట్టి తూచేవాణ్ణి. సాయంత్రపు బిళ్లలు ఎంత బరువెక్కితే ఆకు ఆ రోజు ఎండలో అంత సంపాదించినట్టు. లేత ఆకు సంపాదన దాని ఒళ్లు పెరగడానికే చాలదు. పూర్తిగా విచ్చుకున్నాకే దాని సత్తా తెలుస్తుంది. కొన్నాళ్లు అలా నిలకడగా పనిచేసి, ముదిరేకొద్దీ పచ్చదనంతో పాటు పనీ తగ్గుతుంది.

వయసు తెలియాలంటే ఆకుకు గుర్తుండాలి. ఏ వారం విచ్చుకున్న ఆకుకు ఆ వారం రంగు దారం. ఆ దారాలు కట్టేది పక్క ఊరి నుంచి కూలికి వచ్చే ఒకామె. నలభై దాటిన మనిషి, అక్షరం రాదు. మల్లెపూలు కట్టే వేళ్లతో, ఆకు కోసుకుపోకుండా వదులుగా, గాలికి జారకుండా గట్టిగా ముడి వేసేది. నన్ను సారు అంటూనే నువ్వు అనేది. ఆ వైపు అందరూ అంతేనని తెలిసినా నాకు ఒళ్లు మండేది. కొత్త డిగ్రీ వేడి అలాంటిది.

చేను పూతకు వచ్చిన రోజు కొలత అన్నిటికన్నా ముఖ్యం. ఆ సాయంత్రమే నా స్నేహితుడు ఊళ్లో సినిమాకు టికెట్లు తీశాడు. తెలుపు, ఎరుపు, నీలం దారాల ఆకులు కోసేసరికి గేటు దగ్గర సైకిల్ బెల్లు మోగింది. అప్పుడే పూర్తిగా విచ్చుకున్న పసుపు దారం ఆకులు మిగిలిపోయాయి. వాటి రెండో పక్క బిళ్లలు మర్నాడు తెల్లవారాక కోసి, సాయంత్రం కోసినట్టు రాశాను.

తూచి చూస్తే మంచి వయసులో ఉన్న ఆ ఆకులు దాదాపు ఏమీ సంపాదించలేదు. పగలు చేసుకున్నదాన్ని ఆకు రాత్రంతా కాండానికీ కంకికీ పంపేస్తుంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే. తప్పెక్కడుందో ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది.

మా అధికారి కాగితాలు చూసి, "ఇదేంటయ్యా, ముదురాకు కంటే ఇది అధ్వానంగా ఉందే" అన్నారు.

"దారాలు మారిపోయి ఉంటాయండి" అన్నాను. అప్పటికి ఆ చాళ్లు కోసేశాం. చూసి రుజువు చేయడానికి ఏమీ మిగల్లేదు.

ఆమెను పిలిపించారు. "పసుపుది నేనే కట్టిన సారు. గదెట్ల తప్పుతది?" అని ఆమె నా వైపు చూసింది, నేను సాక్ష్యం చెబుతానని. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. మరుసటి వారం నుంచి ఆమెను పనికి పిలవలేదు.

తర్వాతి పంటకు దారాలు నేనే కట్టాను. నేను వేసిన ముడులకు సగం ఆకులు చిరిగాయి. ఆ ఏడాది కొలతలు సరిగ్గా వచ్చాయి, పసుపు దారం ఆకులే అన్నిటికన్నా బరువెక్కాయి. అధికారి భుజం తట్టారు. ఆ మెప్పు నాకు ఒంటపట్టలేదు. అయినా నిజం చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం, అంతే. దానికి ఇంకో మంచి పేరు పెట్టలేను.

రెండేళ్లకు లింగంపల్లి స్టేషన్లో ఆమె కనిపించింది. నేను తల తిప్పుకునేలోపే దగ్గరికి వచ్చింది.

"ఏమనుకోకు సారు, గప్పుడు నీ పని ఖరాబ్ చేసిన" అంది. "రంగులు మారినట్టు నాకు ఎరుకనే లేదు. కండ్లు పోతున్నయేమోనని పరేషానై దవాఖానకు పోయిన. మంచిగనే ఉన్నయన్నరు. అయినా ఇగ నా కండ్ల మీద నాకు నమ్మకం లేదు. పూలు గూడ నా బిడ్డనే కడ్తది."

చెప్పడానికి ఒక్క మాట చాలు. చుట్టూ నన్ను ఎరిగినవాళ్లెవరూ లేరు, అధికారీ లేరు. పోయేదేమీ లేదు. రైలు కూడా ఇంకా రాలేదు.

"వయసు మీద పడుతోంది కదమ్మా" అన్నాను. "కళ్లు జాగ్రత్తగా చూసుకో."

"సరే సారు" అని తలూపింది.