జ్వరమొచ్చిన మంగళవారం

బుజ్జీ, ఈ మధ్యాహ్నం ఒక పరిశోధన పత్రిక సంపాదకులు అద్దంకిలో బస్సు దిగి మనింటికి వచ్చారు. పత్తిలో తెల్లదోమ మీద నువ్వు పంపిన వ్యాసమూ, నీతో చదివిన అబ్బాయి నువ్వు చనిపోయాక పంపిన వ్యాసమూ ఒకేలా ఉన్నాయట. ఏది అసలుదో తేల్చాలని, నువ్వు చేలో రాసుకున్న నోటుపుస్తకం అడిగారు. తెచ్చి ఇచ్చాను.

"అమ్మా, ఈ పట్టికలో మంగళవారం గడి ఖాళీగా ఉందేం? ఆ అబ్బాయి వ్యాసంలోనూ ఇదే గడి ఖాళీ" అన్నారు.

"ఆరోజు నాకు జొరమండి. మా అమ్మాయి పరీక్షకెళ్తా, ఆకుల కింద దోమల్ని లెక్కెట్టే పని నాకప్పజెప్పింది. లేవలేకపోయా. ఏదోకటి వేసెయ్యవే అంటే, చూడనిది రాయకూడదమ్మా అంది. మరి ఆ అబ్బాయి వాళ్ళమ్మకీ ఆరోజే జొరమొచ్చిందంటారా?"

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. అతని వ్యాసం వేసేది లేదనీ, నీది నీ పేరుతోనే వేస్తామనీ చెప్పి వెళ్ళారు. అచ్చులో ఆ పేరు చూసుకోవడానికి నువ్వే లేవు తల్లీ.

ఈ కాగితం నీ హాస్టల్ పిల్లలకి పంపుతున్నాను. పిల్లలూ, ఇలా దొంగిలించినవాణ్ణి ఏమనాలో మీరే రాయండమ్మా, నాకొచ్చిన తిట్లు చాలడం లేదు. చదువులో పడి అన్నం మానకండి. కడుపునిండా తినండి.