సొరంగంలో పొడి తువ్వాలు

అరకు స్టేషను పక్కన కాఫీ దుకాణం వాళ్లు కరెంటు పోగానే జనరేటరు వేస్తారు. ఆ డీజిలు కంపుకి టూరిస్టులంతా మొహం తిప్పుకుంటారు. నేను మాత్రం అక్కడే నిలబడిపోతాను. అది మా నాన్న చొక్కా వాసన.

నా చిన్నప్పుడు ఈ కొండల మీద ఇనప రాయి లాగిన ఇంజన్లు అమెరికా నుంచి ఓడల్లో వచ్చినవి. కాగితాల మీద డబ్ల్యూడీఎం-1. మన మెయిన్ లైన్ల మీద తిరిగిన తొలి డీజిళ్లు అవేనట. మా క్వార్టర్లలో వాటిని ఒంటిమూతి ఇంజన్లనేవారు, క్యాబిన్ ఒక్క కొసనే ఉండేది కాబట్టి. తిప్పుకునే వీలు లేనప్పుడు వెనక్కే నడపాలి. అప్పుడు పొడుగాటి ఇంజను గది ముందుండి, దాని పొగంతా వెనక కూర్చున్న మనుషుల మొహాన కొట్టేది. డ్రైవరుకు ఒక పక్కే కనిపించేది. ఎడమ వంపుల్లో దారి చూసి కేకెయ్యడం అసిస్టెంటు పని, మా నాన్న అసిస్టెంటు.

సొరంగాల్లో ఆ పొగకి ఊపిరాడేది కాదు. అందుకని ముక్కుకి అడ్డం కట్టుకోడానికి డ్యూటీకెళ్లే ప్రతివాడికీ ఇంట్లోవాళ్లు తువ్వాలు నీళ్లోడేలా తడిపి, రబ్బరు గుడ్డలో చుట్టి, అన్నం క్యారేజీతో పాటు ఇచ్చేవారు. మా ఇంట్లో ఆ పని నాది.

వానాకాలమంతా కొండల మీంచి మబ్బులు వాకిట్లోకి దిగేవి, కట్టెపొయ్యి ముందు చలి కాచుకుంటూ కాల్చిన అడ్డపిక్కలు, అదే అడవిలో అడ్డాకు తీగ గింజలు, ఒలుచుకు తినేవాళ్లం. అవి తెచ్చిపెట్టేది గాసన్న. పట్టాల చీలలు బిగించుకుంటూ రోజంతా లైను వెంట నడిచే కీమాన్. చైత్రంలో వాళ్ల ఇటుకల పండక్కి మమ్మల్ని గూడేనికి తీసుకెళ్లి ధింసా ఆడించేవాడు. వాళ్ల కూతురు సుకిరీ నేనూ ఒక్క ఈడు వాళ్లం.

ఆ రోజు జోరున వాన. సుకిరితో అరుగు మీద గచ్చకాయల ఆటలో పడ్డాను. ఓడిపోతున్నాననే ఉడుకు నాకు. అమ్మ లోపల్నుంచి అరిచింది.

"ఒసే గుంటా, ఏటి సేత్తన్నావే? తువ్వాలు తడిపీసినావా?"

"ఎప్పుడో తడిపీసినానమ్మా!"

పొడి తువ్వాలే చుట్టి నాన్న చేతికిచ్చేశాను.

ఆ మధ్యాహ్నం సొరంగం దాటగానే ఉన్న ఎడమ వంపులో గాసన్న ఇంజను కింద పడ్డాడు. ఆ వానహోరులో అతనికి ఇంజను చప్పుడు వినపడి ఉండదు. చూడాల్సినవాడు చూసి కేకేస్తే డ్రైవరు హారను కొట్టేవాడు. చూడాల్సినవాడు అప్పుడు సొరంగం పొగకి తాళలేక వంగుని, కూజా నీళ్లతో తువ్వాలు తడుపుకుంటున్నాడు.

నాన్న ఇంటికొచ్చి తువ్వాలు దండెం మీద వేశాడు.

"తడి తువ్వాలుంది కదా, పొగేటి సేసింది?" అని అమ్మ ఏడుస్తూ అడిగింది.

"తడిది అట్టుకెళ్లడం నానే మర్సిపోనాను," అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా. విచారణలోనూ తప్పంతా తనదేనన్నాడు. మళ్లీ ఇంజనెక్కనివ్వలేదు. రిటైరయ్యేదాకా షెడ్డులో నూనె గుడ్డలు ఉతికాడు. పోయేదాకా ఆ మాట ఎత్తలేదు. ఛీ, నేనైనా ఎత్తానా!

కాశీలో తయారైన కొత్త డీజిళ్లొచ్చాయి, ఆపైన కరెంటు తీగలొచ్చాయి. ఒంటిమూతి ఇంజన్లు తుక్కుకి పోయాయి. ఒకటో రెండో ఎక్కడో మ్యూజియంలో ఉంచారంటారు. ఇప్పుడు సొరంగాల్లో పొగ లేదు. తువ్వాళ్లు తడిపే ఇళ్లూ లేవు.

సుకిరి మాత్రం ఈ ప్లాట్‌ఫారం మీదే అడ్డపిక్కలు అమ్ముతోంది. చెబుదామనే ఏటా వస్తాను, అవీ ఇవీ మాట్లాడి రైలెక్కేస్తాను. ఈసారి తనే ఎత్తింది.

"ఆ దినం ఆటలో పడి మా అయ్యకి అంబలి అట్టుకెళ్లలేదే సరోజా. ఆకలికి తాళలేక ఇంటికేసి వత్తన్నాడు. నానే సంపీసినాను. మాయమ్మా పోయేదాకా అదే మాట అనీది."

ముసలి కళ్లు తుడుచుకుంది. ఈ బరువు అప్పట్నుంచీ తను మోస్తోందా! ఇక ఆగలేకపోయాను. తువ్వాలు సంగతీ, అమ్మతో ఆడిన అబద్ధమూ, నాన్న నన్ను కాచిన తీరూ అంతా చెప్పేశాను.

సుకిరి చేతిలో పిక్కలు అలాగే ఉండిపోయాయి.

"ఈ ముక్క అప్పుడే సెప్పుంటే, మాయమ్మ నన్ను తల్లీ అని పిల్సీదే."

పొగ లేని రైలు వచ్చి ఆగింది. నేను ఎక్కలేదు.