చేతికి తెలియని వేడి

తొంభైల మొదట్లో నేను నల్గొండలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. చర్మ గ్రాహకాల వర్గీకరణ నాకు ఇష్టమైన పాఠం. బోర్డు మీద రెండు పట్టికలు గీసేవాణ్ణి. ఒకటి నిర్మాణాన్ని బట్టి: ఏ తొడుగూ లేని నాడీ కొసలు, గుళికలో ఉన్నవి, వెంట్రుక మొదలును అల్లుకున్నవి. రెండోది పనిని బట్టి: స్పర్శ, ఒత్తిడి, వేడి, చలి, నొప్పి.

ఒకరోజు ఒక అమ్మాయి లేచింది.

"సార్, ఉత్త కొసలు నొప్పి చెప్తయి, వేడి గూడ చెప్తయి గదా. మరి ఏ గడిల రాయాలె?"

"రెండిట్లోనూ రాయమ్మా. గడులు మన సౌకర్యం కోసం గీసుకున్నవే" అన్నాను. మంచి జవాబు చెప్పానని ఆ పూటంతా పొంగిపోయాను.

ఆ ఎండాకాలంలోనే ఇంట్లో పొయ్యి మీది పాలగిన్నె నా ముంజేతికి ఆనింది. నాకు తెలియనే లేదు. నా భార్య చూసి ఉలిక్కిపడింది.

"అయ్యో, గంత కాలుతుంటే చెయ్యి తియ్యవేంది?"

చూసుకోలేదన్నాను. బొబ్బ లేచిన చోట చాలా రోజులుగా ఒక పాలిపోయిన మచ్చ ఉంది. శోభి అనుకున్నాను. ఆమె అటు వెళ్లగానే మచ్చ మీద దూదితో రాసి చూశాను, గుండుసూదితో గుచ్చి చూశాను. ఏమీ తెలియలేదు. అదేమిటో నాకు అర్థమైంది. మర్నాటి నుంచి అంత ఎండలోనూ నిండు చేతుల చొక్కా వేశాను.

నల్గొండ దవాఖానలో ఎవరైనా గుర్తుపడతారని, పేపర్లు దిద్దే పనుందని ఇంట్లో అబద్ధం చెప్పి మహబూబ్‌నగర్ బస్సెక్కాను. అక్కడ డాక్టరు రెండు గాజు గొట్టాల్లో వేడినీళ్లు, చన్నీళ్లు పోయించాడు.

"కండ్లు మూసుకో. తాకినప్పుడు చెప్పు."

ఎప్పుడు తాకుతాడా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. అప్పటికే పరీక్ష అయిపోయింది.

"కుష్ఠు. మందులున్నయి, తగ్గుతది. ఫికర్ చెయ్యకు" అన్నాడు. తలుపు వేసి ఉందా అని వెనక్కి చూశాను.

మందుల కోసం బయట బల్ల మీద కూర్చుంటే, పక్కన మా వీధిలో గాజులమ్మే ముసలమ్మ కనిపించింది. ప్రతి పండుగకూ నా భార్యకు గాజులు తొడిగేది ఆమే. నేను గోడవైపు తిరిగాను.

"మొకం తిప్పుకోకుండ్రి సార్. నేను గూడ గందుకే గింత దూరమొచ్చిన" అంది మెల్లగా. "మీ ఇంట్ల చెప్పకుండ్రి. తెలిస్తే నాతోని ఎవరు గాజులేయించుకుంటరు?"

"చెప్పను. మీరు కూడా..."

"అల్లా తోడు, మిమ్ముల నేను చూడనే లేదు."

అప్పుడు ఆమె అరచేతుల్లో నా భార్య మణికట్టు కళ్లముందు మెదిలింది. తెలియకుండానే బల్ల మీద కాస్త పక్కకు జరిగాను. అదే జబ్బున్న నేను, ఆ భార్యతోనే కాపురం చేస్తున్న నేను జరిగాను. ముసలమ్మ చూసింది. సంచీ తీసుకుని బల్ల చివరికి పోయింది. తిరుగు బస్సులో ఆమె ముందు కూర్చుంది, నేను వెనక.

మాత్రల పొట్లం కనబడిన రోజు నా భార్య ఏడ్చింది. జబ్బుకు కాదు.

"నాతోని అబద్ధమాడి ఒక్కనివే పోతివా? చెప్తే నేను రాకపోదునా?"

మందులన్నీ వాడాను. మచ్చకు రంగొచ్చింది, స్పర్శ రాలేదు.

దసరా ముందు ఆ ముసలమ్మ మా ఇంటికి వచ్చింది. చిటికెన వేలు, పక్క వేలు వంగిపోయి ఉన్నాయి. నా భార్య చాప వేసి చేతులు చాచింది.

"వేళ్లకు ఏమైందవ్వా?"

"ముసల్దాన్నైతి గదా బిడ్డా."

నా వైపు చూడలేదు. పోయేటప్పుడు మాత్రం, "సార్, జర గంప ఎత్తుండ్రి" అంది. ఎత్తాను. దగ్గరగా నిలబడ్డప్పుడు క్షమించమని నోటిదాకా వచ్చింది. పక్కనే నా భార్య ఉంది. ఏం చెప్పినా ముసలమ్మ గుట్టు బయటపడుతుంది. తల దించుకుని గుమ్మంలోనే ఉండిపోయాను.