గుంటలో నీళ్ళు

ఇల్లు చూడటానికి వెళ్ళిన ఆడవాళ్ళు ముందు వంటగది చూస్తారు. మగవాళ్ళు గరాజ్ చూస్తారు. బేబక్క మాత్రం చెప్పులు విప్పీ విప్పకముందే, "బేస్‌మెంట్ మెట్లెటు?" అని అడుగుతుంది. గబగబా కిందికి దిగుతుంది. మళ్ళీ పైకొచ్చేసరికి ముఖంలో నెత్తురు చుక్క ఉండదు. "వద్దు ధాత్రీ, ఇది మనకి పడదు" అంటుంది. అంతే. పైన పడగ్గదులు ఎన్ని ఉన్నాయో కూడా చూడదు.

వారమంతా బ్యాంకులో ఉద్యోగం, శనాదివారాలు ఇళ్ళ బేరాలు. కెనడాలోని విండ్సర్‌లో నా బతుకిది. ఎంతోమంది మనవాళ్ళకి ఇళ్ళు చూపించాను. ఈశాన్యంలో బాత్రూమ్ ఉందని వద్దన్నవాళ్ళున్నారు, వీధిపోటని గుమ్మంలోంచే వెనక్కి తిరిగినవాళ్ళున్నారు. వాళ్ళ బాధేంటో చెప్పేవాళ్ళు, నాకు అర్థమయ్యేది. బేబక్కని అడిగితే, "ఏదో వాస్తు తేడాగా ఉంది" అని తల తిప్పేసుకునేది. దిక్సూచి కూడా తియ్యకుండా ఏం వాస్తో నాకు అంతుబట్టేది కాదు.

ఆవిడ అసలు పేరే బేబీ. ఇంట్లో ఆఖరి సంతానం కాబట్టి ముద్దుగా పిలిచిన పేరు బళ్ళోకి, అక్కణ్ణించి పాస్‌పోర్టులోకి ఎక్కింది. యాభై దాటినా గవర్నమెంటు లెక్కలో ఆవిడ బేబీయే. ఊరి బయట టమాటా గ్రీన్‌హౌస్‌లో ప్యాకింగ్ చేస్తుంది. భర్త కోదండరామ్ గారిది కారు సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పని. నేను ఆయన్ని బావగారంటాను. భార్య మాట జవదాటని మనిషి. అందుకే బేస్‌మెంట్ మెట్ల మీద ఆవిడ ముఖం చూడగానే ఆయన బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టేవారు.

వాళ్ళకి గడువు ఉంటే నాకూ ఇంత కోపం వచ్చేది కాదు. ఆ ఏడు ఊళ్ళోకి విద్యార్థులు వరదలా వచ్చారు. ఏ బస్సులో చూసినా వీపున బ్యాగుతో మన పిల్లలే. ఇల్లంతా ఒక కుటుంబానికి ఇచ్చేకంటే మంచాల లెక్కన పిల్లలకిస్తే లాభమని ఇళ్ళవాళ్ళకి తెలిసిపోయింది. బేబక్క వాళ్ళ ఇంటి యజమాని యజ్ఞనారాయణ గారు గుంటూరాయన, గుడి కమిటీలో మనిషి. ఆగస్టు ఆఖరుకల్లా ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. "అలా వెళ్ళగొట్టడం కుదరదక్కా, కంప్లైంట్ ఇవ్వొచ్చు" అన్నాను. "గుళ్ళో ఎదురుపడే మనిషితో కోర్టులేంటే, సిగ్గుచేటు" అంది.

జులైలో ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆవిడ పెసరట్లు పోస్తోంది. అప్పుడే యజ్ఞనారాయణ గారు ఇల్లు చూపిస్తానని నలుగురైదుగురు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళలో మధుమిత అనే అమ్మాయి, ఖమ్మం నుంచి వచ్చి ఇంకా పది రోజులైనా కాలేదు, నేరుగా హాల్లోకి వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"ఆంటీ, నా బెడ్ ఈడనేనంట. మీరెప్పుడు ఖాళీ చేస్తున్నరు?"

అమాయకంగా అడిగింది పాపం. బేబక్క చేతిలో గరిటె ఆగిపోయింది. నన్ను ఎవరైనా అలా అడిగితే ఏమనేదాన్నో నాకే తెలీదు. ఆవిడ కాసేపు ఆ పిల్ల ముఖంలోకి చూసి, "ముందు తిను" అని పెసరట్టు పెట్టింది. వాళ్ళు వెళ్ళాక మాత్రం సింకు దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంది. "మేమింకా ఉండగానే మంచాలేసేశారు చూశావా" అంది. ఆ రోజు నుంచి నాకు నిద్రపట్టేది కాదు. ఆగస్టు వచ్చేస్తోంది, ఈవిడేమో ఒక్క ఇల్లూ ఒప్పుకోదు.

ఆఖరికి ఒక మంచి ఇల్లు దొరికింది. నదికి నాలుగు వీధులవతల, ఎర్ర ఇటుకల చిన్న ఇల్లు. ఫ్యాక్టరీలో రిటైరైన ఓ ముసలాయన కట్టించుకున్నది. మోకాళ్ళు సహకరించక అపార్ట్‌మెంటుకి మారిపోతున్నాడు. పెరట్లో ద్రాక్ష పందిరి. బావగారు ఆ పందిరి కింద నిలబడి మొదటిసారి నవ్వారు. నేను లోపల్లోపలే దేవుళ్ళకి మొక్కుకుంటూ ఉన్నాను. బేబక్క కిందికి వెళ్ళింది. పైకొచ్చింది. "వద్దు" అంది.

కారెక్కాక ఇంక నా నోరు ఆగలేదు. "నువ్వు ఇల్లు కొనడానికొచ్చావా, బేస్‌మెంట్లు తనిఖీ చెయ్యడానికొచ్చావా? పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే ఎలాగక్కా? సెప్టెంబర్లో రోడ్డు మీద పడుకుంటారా?" అని అరిచేశాను. బావగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

బేబక్క మెల్లగా, "ఇక్కడ ప్రతి ఇంటికీ కింద గుంటెందుకు ధాత్రీ?" అంది. "అన్నిట్లోనూ నీళ్ళున్నాయి."

ఆవిడ కిందికి దిగి చూసేది ఆ గుంటనేనని అప్పటికి తెలిసింది నాకు. విండ్సర్ నేల పళ్ళెంలా చదును. ఒకపక్క నది, ఒకపక్క సరస్సు, ఎక్కడ తవ్వినా నీళ్ళే. అందుకని బేస్‌మెంట్ మూల ఒక గుంట తీసి అందులో చిన్న మోటారు పెడతారు. ఇంటి కింద ఊరే నీళ్ళు ఆ గుంటలో చేరితే మోటారు బయటికి తోసేస్తుంది. దాన్ని సంప్ అంటారు. ఈ ఊళ్ళో ఎవరూ దాని వైపు రెండోసారి చూడరు.

"మాది ఉప్పాడ కదా" అంది బేబక్క. "నాన్న చీరలు నేసేవాడు. మా ఇంట్లో గుంట మగ్గం. నేలలో గొయ్యి తీసి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నెయ్యాలి. ఒకరోజు పొద్దున్నే కాళ్ళు పెడితే తడి తగిలింది. అప్పటికి ఊరిని కోసుకొస్తున్న కెరటం ఇంకా రెండు వీధులవతలుంది. ఊరంతా ఒడ్డు వైపు చూస్తోంది, నీళ్ళేమో కిందనించి వచ్చేశాయి. ఆ వానాకాలం వెళ్ళకుండానే ఇల్లు సముద్రంలో కలిసిపోయింది. గుంటలో నీళ్ళు కనబడ్డాయంటే ఇంక ఆ ఇల్లు మనది కాదే."

బావగారు వెనక్కి తిరిగి చూశారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకీ ఈ సంగతి తెలీదు. నా కోపమంతా ఎటు పోయిందో.

మర్నాడు బతిమాలి మళ్ళీ తీసుకెళ్ళాను. ముసలాయన ఓపిగ్గా మెట్లు దిగి, గుంట మూత తీసి, నీళ్ళలో తేలుతున్న బెండుని వేలితో పైకెత్తాడు. మోటారు గుర్రుమంది. నీళ్ళు చూస్తుండగానే అడుగంటాయి. నేను గెలిచినట్టు బేబక్క వైపు చూశాను.

"కరెంటు పోతే?" అంది ఆవిడ.

అడిగాను. బ్యాటరీతో నడిచే మోటారు ఇంకోటి పెట్టించుకోమన్నాడు ముసలాయన. "అదీ పనిచెయ్యకపోతే ఇదుంది" అని నవ్వుతూ మూలనున్న ఇనప బకెట్‌ని కాలితో తట్టాడు.

బేబక్క నవ్వలేదు. ఆగస్టు ముంచుకొస్తోందని "సరే" అంది, ఆపరేషన్‌కి సంతకం పెడుతున్నట్టు. ముసలాయన బకెట్‌ని వదిలేసి వెళ్ళాడు.

గృహప్రవేశం రోజు పాలు పొంగాయి, అందరం పరమాన్నం తిన్నాం. ఆవిడ కిందికెళ్ళి ఆ గుంట మూతకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి వచ్చింది. ఎవరైనా "మీ ఇల్లు బావుందండీ" అంటే, "ముసలాయన ఇల్లు, బాగానే కట్టుకున్నాడు" అనేది. సామాన్లు సగం అట్టపెట్టెల్లోనే ఉంచింది. చినుకు పడితే చాలు, వెళ్ళి బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చునేదని బావగారు చెప్పారు. ఈలోగా మధుమిత పాత ఇంటి హాల్లో ఉండలేక బేబక్క దగ్గరికే వచ్చేసింది. ఒక మంచానికి చోటు చెప్పి రెండు వేశారట అక్కడ. "మా హాల్లోంచి మమ్మల్ని లేపిన పిల్ల, చివరికి నా పై గదిలో తేలింది" అని బేబక్క ఆ పిల్ల ముందే దెప్పేది. దెప్పుతూనే డబ్బాలో కూర పెట్టిచ్చేది.

దసరా ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం ఆకాశం చిల్లుపడ్డట్టు వాన మొదలైంది. గాలికి చెట్లు విరిగి తీగల మీద పడి, సగం ఊళ్ళో కరెంటు పోయింది. బ్యాటరీ మోటారు బిగించే మనిషి వచ్చే వారం వస్తానన్నాడు. బావగారు ఓవర్‌టైమ్‌లో ఉన్నారు. బేబక్కకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఆ ఇల్లు కొనిపించింది నేనే. రోడ్డు కనబడని వానలో ఎలా నడిపానో, వాళ్ళింటికి వెళ్ళిపడ్డాను.

తలుపు తీసే ఉంది. కిందికి పరిగెత్తాను. ఫోన్ లైటు వెలుగులో బేబక్క గుంట పక్కన మోకాళ్ళ మీద ఉంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ముసలాయన బకెట్‌తో నీళ్ళు ముంచి ప్లాస్టిక్ బకెట్లలో పోస్తోంది. మధుమిత వాటిని మెట్లెక్కి మోసుకెళ్ళి పెరట్లో పారబోస్తోంది. నీళ్ళు గుంట అంచుకి బెత్తెడు కిందున్నాయి.

"చూస్తా నిలబడ్డావేంటే, పట్టుకో" అంది నన్ను చూసి.

పట్టుకున్నాను. మేము తోడుతుంటే నీళ్ళు దిగేవి, ఒక్క నిమిషం ఊపిరి తీసుకుంటే మళ్ళీ ఎక్కేవి. నా నడుము విరిగిపోయింది. మధుమిత మెట్ల మీద జారి మోకాలు కొట్టుకుంది, అయినా ఆగలేదు. "ఆంటీ, ఆగితే ఇల్లు మునుగుతదా?" అని అడిగింది ఏడుపు గొంతుతో. "ఆగం కదా" అంది బేబక్క.

ఒక బకెట్ అందిస్తూ నా వైపు చూడకుండా అంది. "ఆ రోజు నేనూ చెంబు తెచ్చాను ధాత్రీ. మగ్గం గుంటలో నీళ్ళు తోడేద్దామని. నాన్న నా చేతిలోంచి లాక్కున్నాడు. సముద్రాన్ని తోడతావేంటమ్మా, వద్దు అన్నాడు. తోడనివ్వలేదే. అందరం కూర్చుని చూశాం."

బకెట్ అందుకుని మెట్లెక్కాను.

చీకటి పడబోతుండగా లైట్లు వెలిగాయి. మోటారు గుర్రుమంది, నీళ్ళు జరజరా దిగిపోయాయి. మధుమిత ఉన్నచోటే కూలబడి ఏడ్చేసింది. నేనూ గోడకి జారగిలబడ్డాను. బేబక్క మాత్రం నిండుగా ఉన్న ఆఖరి బకెట్ తనే మోసుకుంటూ పెరట్లోకి వెళ్ళి, వానలో నిలబడి ద్రాక్ష పందిరి మొదట్లో పోసి వచ్చింది.

అప్పుడు ఫోన్ మోగింది. ఫ్యాక్టరీ నుంచి బావగారు, కంగారుగా. తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని ఎత్తింది.

"ఏం లేదండీ," అంది, "మనింట్లోకి నీళ్ళొచ్చాయి. తోడేశాం."