ముందు దెయ్యాల కొంపకి వెళ్లి రండి

మా కౌంటర్ బాబాయికి ఒకటే మందు తెలుసు. ఎవరు ఏ రోగం చెప్పుకున్నా అదే రాసిచ్చేవాడు. చెప్పు పోయిందన్నా, వరస కదలడం లేదన్నా, పిల్లాడి బెలూన్ పగిలిందన్నా, ఆయన మెల్లగా తలెత్తి ఎదుటివాళ్ల మొహంలోకి ఒక క్షణం చూసి, బావి అడుగు నుంచి వచ్చినట్టుండే గొంతుతో, "ముందు దెయ్యాల కొంపకి వెళ్లి రండి" అనేవాడు.

మాది థీమ్ పార్కు. నేనూ బాబాయీ కూర్చునేది గేటు దాటగానే ఉండే కస్టమర్ సర్వీస్ కౌంటర్లో. గాజు కిటికీ, రెండు కుర్చీలు, మధ్యలో ఫిర్యాదు ఫారాల దొంతర, పైన మా మాటలన్నీ రికార్డు చేసే చిన్న మైకు. దెయ్యాల కొంప మాకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అది పార్కు రాకముందు నుంచీ ఉన్న నిజమైన ఇల్లు. కూల్చడం దండగనుకుని దానికి నల్లరంగు పూసి, కిటికీలకు అడ్డచెక్కలు కొట్టి, దెయ్యాన్ని ఒకదాన్ని ఉద్యోగంలో పెట్టారు. నడివేసవిలో కూడా ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి నుంచి చల్లటి తడివాసన వచ్చి నా మెడ మీద వాలేది. పక్కనే రంగులరాట్నం. ఎండ ముదిరితే దాని పాట సాగిపోయి, ఎవరో పళ్లు బిగించి ఏడుస్తున్నట్టు వినిపించేది.

బాబాయి నాకేమీ కాడు. పార్కులో అందరికీ బాబాయే. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఎండ తగలని రంగులో ఉండేవాడు. నడిస్తే చప్పుడుండదు. వెనక నుంచి వచ్చి "పెన్నుందా?" అని అడిగినందుకే నేను రెండుసార్లు కుర్చీలోంచి జారిపడ్డాను.

దెయ్యం వేషం వేసే అతను నేను చేరిన మొదటి వారమే నన్ను పక్కకు పిలిచి హెచ్చరించాడు. మాస్కు చంకలో పెట్టుకుని, అటూ ఇటూ చూసి చెప్పాడు.

"జనం నన్ను చూసి జడుసుకుంటారు కదా. నేను ఆయన్ని చూసి జడుసుకుంటాను. పార్కు తెరవకముందే లోపలికొస్తాడు. ఆఖరి గదిలోకి పోతాడు. ఆ గదిలో లైటు లేదు. ఆ గది మ్యాపులో కూడా లేదు."

"ఏం చేస్తాడు?"

"నాకేం తెలుసు. ఇనప చప్పుళ్లు వినిపిస్తాయి. గొలుసులు లాగినట్టు. నువ్వు మాత్రం అటు రాకు."

నేను వెళ్లలేదు. నాకు అసలే చీకటంటే పడదు. అద్దంలో నన్ను నేను చూసుకుని ఉలిక్కిపడే రకం.

అయితే నేను వినడం మానలేదు. కౌంటర్లో కూర్చునేవాడికి చెవులే కదా చదువు. మొదట కనిపెట్టింది ఏమిటంటే, బాబాయి కొందరినే పంపుతాడు. ఒకసారి గుద్దుకునే కార్ల దగ్గర మోచెయ్యి గీరుకుపోయిన భార్యాభర్తలు వచ్చారు. ఆయన ఇద్దరి మొహాలూ చూసి, "మీకు అక్కర్లేదు" అని, ఫారం నింపి, దూది ఇచ్చి పంపేశాడు. పంపేవాళ్లనీ పంపనివాళ్లనీ చూసేటప్పుడు ఆయన చూపు కళ్ల మీద ఆగదు. పెదాల మీద ఆగుతుంది. ఆ సంగతి గమనించిన రోజు నేను చాలాసేపు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

రెండోది, వెళ్లినవాళ్లు వెళ్లినట్టు తిరిగి రారు.

ఒక మధ్యాహ్నం పీపాలాంటి పెద్దమనిషి ఒంటి చెప్పుతో వచ్చి కౌంటర్ బల్ల మీద గుద్దాడు. రెండో చెప్పు పెద్ద ఉయ్యాల మీంచి ఎక్కడో పడిందట.

"ముందు దెయ్యాల కొంపకి వెళ్లి రండి."

"నా చెప్పు అక్కడుందా?"

"లేదు."

"మరి ఎందుకయ్యా నేను వెళ్లడం?"

"వెళ్లి రండి."

బాబాయి ఆ మాట అన్న తీరుకి ఆయన మీసం వాలిపోయింది. ఒంటి చెప్పుతోనే రోడ్డు దాటి ఆ నల్లతలుపులోకి పోయాడు. అరగంటకు బయటికొచ్చాడు. చొక్కా ముందు భాగం తడిసి ఉంది. చెమట అనుకున్నాను. కౌంటర్ వైపు చూసి, తల ఒక్కసారి ఊపి, చెప్పు మాటే ఎత్తకుండా కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంకోసారి ముగ్గురు పిల్లల తల్లి. రెండు గంటలు ఎండలో వరసలో నిలబెట్టారని నిప్పులు కక్కుతూ వచ్చింది. పిల్లలు ముగ్గురూ ఒకే రాగంలో ఏడుస్తున్నారు.

"దెయ్యాల కొంపేమిటండీ, చిన్నపిల్లలు, జడుసుకోరూ?"

"జడుసుకోనివ్వమ్మా," అన్నాడు బాబాయి.

వాళ్లు తిరిగొచ్చినప్పుడు ఏడుపు లేదు. ఆఖరిది తల్లి భుజం మీద నిద్రపోతోంది. నడిమిది కిటికీ అంచుకు గడ్డం ఆనించి నాతో చెప్పింది. "అక్కడ చీకట్లో చాలామంది కూర్చున్నారు. ఎవ్వరూ మాట్లాడట్లేదు." అంతే చెప్పి వెళ్లిపోయింది. ఆ ఎండలో నా చేతుల మీద రోమాలు నిలబడ్డాయి. దెయ్యం ఒక్కటే అని నాకు తెలుసు. జీతాల చిట్టాలో ఒక్కటే ఉంది.

ఇక మూడోది, అందరికంటే ముందు కనిపెట్టింది మేనేజర్ మేడమ్. పార్కులోకి బయటి సీసాలు తేకూడదు. గేటు దగ్గరే తీసేసుకుంటారు. లోపల ఉచితంగా మంచినీళ్లు ఎక్కడా లేవు. ఎవరైనా అడిగితే కౌంటర్ వాళ్లు చెప్పాల్సిన వాక్యం ఒకటుంది. "మంచినీళ్లు మా స్టాళ్లలో లభిస్తాయి, మీ రోజు ఆనందంగా గడవాలని కోరుకుంటున్నాం." అడిగిన ప్రతిసారీ చెప్పాలి, నవ్వుతూ చెప్పాలి, ఇంకో ముక్క కలపకూడదు. స్టాళ్లలో ధర చూసి దాహం తీరిపోయినట్టు నటిస్తూ వెనక్కి నడిచేవాళ్లను రోజూ చూసేవాణ్ని. నేను ఆ వాక్యాన్ని నిద్రలో కూడా చెప్పగలను. బాబాయి ఒక్కసారి చెప్పగా వినలేదు.

ఆ గురువారం మేడమ్ చేతిలో వాకీటాకీతో వచ్చి బల్ల ముందు నిలబడింది. పొద్దున్నుంచీ పార్కు ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూ మాట్లాడుతూనే ఉన్నట్టుంది, గొంతు బొంగురుపోయింది.

"బాబాయ్ గారూ, మూడు వారాల రికార్డు విన్నాను. మీరు స్టాళ్ల మాట ఒక్కసారి కూడా చెప్పలేదు."

"లేదమ్మా."

"అందర్నీ దెయ్యాల కొంపకి పంపుతున్నారు. పైవాళ్లు నన్ను అడుగుతున్నారు. ఎందుకో నాకు చెప్పండి. చెప్పకపోతే శనివారం తరవాత ఈ కుర్చీలో ఇంకొకరుంటారు."

బాబాయి ఆమె పెదాల వైపు చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు. ఆమెను మాత్రం పంపలేదు. ఫారాల దొంతర అంచులు సరిచేసుకుంటూ కూర్చున్నాడు.

ఆ వయసులో ఆయన్ని ఇంకో కిటికీ వెనక ఎవరు కూర్చోబెట్టుకుంటారు? పైగా ఆ చల్లటి గొంతు పక్కన లేకపోతే నాకూ తోచదని అప్పుడే తెలిసింది.

"మేడమ్, లోపలికెళ్లి చూద్దాం," అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"పద," అంది ఆవిడ.

బాబాయి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

నల్లతలుపు మా వెనక దానంతటదే మూసుకుంది. మొదటి గదిలో అద్దాలు. ప్రతి అద్దంలో నేను కాస్త ఆలస్యంగా కదులుతున్నట్టు అనిపించింది. రెండో గదిలో పైనుంచి వేలాడే గుడ్డపేలికలు మొహానికి తగులుతూ, ఎవరో తడిమి గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టుంది. మేడమ్ నా చొక్కా చెయ్యి పట్టుకుంది. భయపడి కాదు, దారి తప్పకుండా అని ఆమే చెప్పింది. మూడో గదిలో ఒక పెద్ద చెక్కపెట్టె కిర్రుమంటూ తెరుచుకుని, అందులోంచి రక్తం ఓడుతున్న ఆకారం లేచి, మా మీదికి చేతులు చాచి, ఆగిపోయింది.

"నమస్తే మేడమ్."

"పడుకో. డ్యూటీలో ఉన్నావు."

"సరే మేడమ్." పెట్టె మూత పడింది.

తరవాత ఒక నడవా. దాని చివర తలుపు లేని గుమ్మం. అవతల కటిక చీకటి, ఆ తడివాసన. మేమిద్దరం గుమ్మం దగ్గర నిలబడిపోయాం. లోపల ఎవరో ఉన్నారు. ఒకరు కాదు. ఊపిరి తీస్తున్న చప్పుడు, గోడ పొడవునా. మధ్యమధ్యలో గుటకలు. లోహం మీద లోహం రాసుకున్న చప్పుడు. కళ్లు చీకటికి అలవాటు పడేకొద్దీ ఆకారాలు తేలాయి. నేల మీద, గోడకు వీపులు ఆనించి, ఇరవై మంది దాకా కూర్చున్నారు. ముసలివాళ్లు, తల్లులు, ఒళ్లో పిల్లలు. ఎవరూ కదలడం లేదు. అందరి మొహాలూ మా వైపే తిరిగి ఉన్నాయి.

మేడమ్ గోళ్లు నా చేతిలో దిగాయి.

అప్పుడు దగ్గర్లోని ఒక ముసలావిడ నెమ్మదిగా అంది, "వరసలో రామ్మా. నా వెనక ఈయనున్నారు, ఆయన వెనక నువ్వు."

అది ఆ ఇంటి పాత వంటగది. మూల గట్టు మీద కుళాయి. గట్టుకు గొలుసులతో కట్టిన నాలుగు స్టీలు గ్లాసులు. తళతళా తోమి ఉన్నాయి, ఆ చీకట్లో అవే కాస్త వెలుగుతున్నాయి. ఇల్లు కట్టినప్పుడు వేసిన మంచినీళ్ల గొట్టాన్ని పార్కు వాళ్లు మర్చిపోయారు. అది మాత్రం పని మర్చిపోలేదు.

"మాట్లాడరేమండీ ఎవరూ?" అన్నాను, నా గొంతు నాకే వినిపించనంత మెల్లగా.

"చల్లగా ఉంది కదా నాయనా," అంది ముసలావిడ. "మాట్లాడితే ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ కౌంటర్ ఆయన పంపాడు. మనిషి శవంలా ఉంటాడు గానీ మంచి దారే చెప్పాడు."

వెనక అడుగుల చప్పుడు. దెయ్యం మాస్కు తీసి చేత్తో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"నన్ను తిట్టండి మేడమ్, బాబాయిని కాదు. ఆయన పొద్దున్నే వచ్చి గ్లాసులు తోమి, కుళాయి వదిలి, నీళ్లు బాగున్నాయో లేదో తను తాగి చూసి వెళ్తాడు." నా వైపు తిరిగాడు. "నిన్ను అటు రానివ్వకుండా బెదిరించింది కూడా అందుకే. నువ్వు మాటలపోగువి."

"ఇదంతా ఎందుకు మొదలెట్టాడు?" అంది మేడమ్.

"రెండేళ్ల కిందట ఒకామె కౌంటర్ దగ్గరికొచ్చి నీళ్లడిగింది. ఆయన రూలు ప్రకారం ఆ వాక్యం చెప్పాడు. ఆమె మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాడు. మూడోసారి 'మీ రోజు ఆనందంగా' అనేసరికి ఆమె పడిపోయింది. ఆస్పత్రిలో లేచి కూర్చుంది లెండి, సాయంత్రానికి ఇంటికి కూడా వెళ్లింది. ఈయనకే ఆ వాక్యం మళ్లీ నోట్లోంచి రాలేదు."

కుళాయి చుక్కలు పడుతున్నాయి. వరస కదిలింది. మేడమ్ వంతు వచ్చింది. గ్లాసు పట్టుకుని ఒకసారి దాన్ని చూసి, ఆపకుండా తాగింది. మళ్లీ కుళాయి కిందికి పెట్టబోయింది.

"రెండోది కావాలంటే వరస చివరికి వెళ్లాలి మేడమ్," అన్నాడు దెయ్యం బెరుగ్గా. "బాబాయి రూలు."

పార్కులో అందరినీ వరసల్లో నిలబెట్టే మనిషి, వాకీటాకీ నోరు నొక్కేసి, వెళ్లి చివర నిలబడింది.

మేము తిరిగొచ్చేసరికి బాబాయి తన సొరుగు ఖాళీ చేసి, కళ్లజోడు పెట్టె, రెండు పెన్నులు, తువ్వాలు ఒక సంచీలో సర్దుకుని కూర్చున్నాడు. మేడమ్ మైకు తీగ పీకి పక్కన పెట్టింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీకు తెలుస్తుంది. తెలిస్తే మూయించడం మీ ఉద్యోగం," అన్నాడు బాబాయి. "మీ నోరు ఎండిపోయి ఉందని చూస్తూనే ఉన్నానమ్మా. అయినా మిమ్మల్ని పంపలేకపోయాను."

ఆమె నా పెన్ను తీసుకుని, మా ఫిర్యాదు ఫారం ఒకటి తిరగేసి, పైవాళ్లకు రిపోర్టు అక్కడే రాసింది. నేను తొంగి చూశాను. "సందర్శకులను పంపుతున్న స్థలాన్ని స్వయంగా తనిఖీ చేశాను. ఆఖరి గది పూర్తిగా చీకటి. ఏమీ కనబడలేదు. అక్కడికి వెళ్లినవారు ఫిర్యాదు చేయడం మానేస్తున్నందున ఈ ఉద్యోగిని ఇదే కుర్చీలో కొనసాగించవలసింది. ఆ గదికి బల్బు అవసరం లేదు."

సంతకం పెట్టి, తీగ మళ్లీ గుచ్చి, వాకీటాకీలో ఎవరినో కేకలేస్తూ వెళ్లిపోయింది.

బాబాయి ఆ కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, రెండుసార్లు చదివాడు. సంచీలోంచి కళ్లజోడు పెట్టె తీసి సొరుగులో పెట్టాడు. పెన్నులు పెట్టాడు. తువ్వాలు మడిచి కుర్చీ వీపుకు వేశాడు.

"మేడమ్ చేతిరాత బాగుంది," అన్నాడు.

ఆయన ఒకరిని మెచ్చుకోగా నేను విన్నది అదొక్కసారే.